మోకాళ్ల నొప్పులతో పోయిన నిద్ర ఆన్‌లైన్ థెరపీతో వస్తుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీ వయసు 56. ఆరేళ్లుగా రెండు మోకాళ్ల అరుగుదల, దానికి తోడు నడుం నొప్పి. రాత్రి తొమ్మిదికే మంచం ఎక్కుతారు, పన్నెండు దాకా కన్ను మూతపడదు. పడినా రెండు మూడు సార్లు మెలకువ, నాలుగు దాటాక ఇక నిద్ర లేనట్టే. నొప్పి తగ్గితే నిద్ర అదే వస్తుందని డాక్టరుగారు చెప్పి మాత్ర రాశారు, ఏడాదిన్నరగా వేసుకుంటున్నారు. నిద్రకు ఆన్‌లైన్‌లో థెరపీ ఉంటుందని మీ అబ్బాయి అంటున్నాడు. మోకాలి నొప్పితో పోయిన నిద్ర ఫోన్‌లో మాటలతో ఎలా వస్తుందన్నది మీ అనుమానం. మాత్ర మానెయ్యాలా, రెండు గదుల ఇంట్లో అందరూ వింటుండగా ఇవన్నీ ఎలా మాట్లాడాలి అని కూడా అడిగారు.

నిద్ర వస్తుందండీ. చాలామందికి వస్తుంది. నొప్పి తగ్గేదాకా ఆగక్కర్లేదు. మోకాలి నొప్పి మాత్రం ఈ థెరపీతో పోతుందని ఆశ పెట్టుకోవద్దు. ఈ రెండూ మొదటే చెబుతున్నాను. నొప్పి పోతుందనుకుని మొదలుపెట్టినవాళ్లు మూడో వారంలో నిరాశపడి మానేయడం చాలాసార్లు చూశాను.

నేను క్లినికల్ సైకాలజిస్టుని. పదహారేళ్లుగా దీర్ఘకాలిక నొప్పి ఉన్నవాళ్లతో పనిచేస్తున్నాను. 2020లో కరోనా వచ్చాక తప్పనిసరై ఫోన్‌లోకి, వీడియోలోకి మారాను. ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగానికి పైగా అలాగే మాట్లాడతారు. మోకాళ్ల నొప్పితో రెండు బస్సులు మారి, మెట్లెక్కి నా గది దాకా రావాల్సిన మనిషికి ఆ ప్రయాణమే ఆ రాత్రి నిద్రను చెడగొట్టేది. ఫోన్ వచ్చాక ఆ బాధ తప్పింది.

మీరు అడిగిన థెరపీని సీబీటీ-ఐ అంటారు. నిద్రలేమి కోసమే తయారుచేసిన ప్రవర్తనా చికిత్స. ఓదార్పు మాటలు, ధ్యానం ఆడియోలు వేరు, ఇది వేరు. ఆరు నుంచి ఎనిమిది వారాలు లెక్క ప్రకారం నడుస్తుంది. పెద్దల్లో దీర్ఘకాలిక నిద్రలేమికి మాత్రల కంటే ముందు ఇదే ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం 2016లో సిఫారసు చేసింది. యూరప్ నిద్ర నిపుణుల మార్గదర్శకాలు కూడా అదే చెబుతున్నాయి.

మీ పరిస్థితికి బాగా దగ్గరగా ఉన్న పరిశోధన ఒకటుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో చేశారు, ఫలితాలు 2021లో వచ్చాయి. కీళ్ల అరుగుదల నొప్పి, నిద్రలేమి రెండూ ఉన్న 60 ఏళ్లు దాటిన 327 మందిని తీసుకున్నారు. సగం మందికి ఎనిమిది వారాల్లో ఆరుసార్లు ఫోన్ చేసి, ఒక్కోసారి 20 నుంచి 30 నిమిషాలు ఈ థెరపీ ఇచ్చారు. మిగతా సగానికి కూడా అన్నిసార్లే ఫోన్ చేశారు గానీ, ఆరోగ్య సమాచారం మాత్రం చెప్పారు. థెరపీ తీసుకున్నవాళ్ల నిద్ర రెండోవాళ్ల కంటే బాగా మెరుగుపడింది, ఏడాది తర్వాత కూడా ఆ మెరుగు నిలిచింది. పగటి అలసట కూడా తగ్గింది. నొప్పి మొదట్లో కొంత తగ్గినట్టు కనిపించినా ఏడాదికి ఆ తేడా మిగల్లేదు. నేను నా దగ్గరికి వచ్చేవాళ్లలో చూసేదీ దాదాపు ఇదే. మోకాలు మోకాలిలాగే ఉంటుంది. కానీ రాత్రంతా గోడ గడియారం చూస్తూ కూర్చోవడం ఆగిపోతుంది, పొద్దున్నే మనిషి లేచి పని చేసుకోగలుగుతుంది.

నొప్పి ఉండగా నిద్ర ఎలా వస్తుంది? మొదట్లో మీ నిద్ర చెడగొట్టింది నొప్పే, అందులో అనుమానం లేదు. కానీ ఈ ఆరేళ్లలో నిద్ర రాదన్న భయంతో మీరు కొన్ని అలవాట్లు చేసుకున్నారు. తొమ్మిదికే పడుకోవడం, మధ్యాహ్నం గంటన్నర కునుకు, పగలు కూడా మంచం మీదే టీవీ, మంచం మీదే కూరగాయలు తరగడం, మెలకువ వచ్చిన ప్రతిసారీ ఫోన్‌లో టైము చూడటం. మీరు రాసినదాంట్లో ఇవన్నీ ఉన్నాయి. ఇందులో మీ తప్పేమీ లేదు, నొప్పి ఉన్న మనిషి ఎవరైనా ఇలాగే చేస్తారు. కానీ ఇప్పుడు నిద్రను ఆపుతున్నది నొప్పి ఒక్కటే కాదు, ఈ అలవాట్లు కూడా. మోకాలి మీద మన చెయ్యి ఆడకపోయినా వీటి మీద ఆడుతుంది. థెరపీ అంతా ఇక్కడే పని చేస్తుంది.

ఇంకో సంగతి ఉంది. నాకు ఈ పని మీద నమ్మకం కుదిరింది దీనివల్లే. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో 2007లో ఏ నొప్పీ లేని ఆరోగ్యవంతులైన ఆడవాళ్ల మీద ఒక ప్రయోగం చేశారు. కొందరిని రాత్రంతా మాటిమాటికీ నిద్ర లేపారు. ఇంకొందరిని ఆలస్యంగా పడుకోబెట్టి, మొదటివాళ్లు పడుకున్నంతసేపే ఏకబిగిన నిద్రపోనిచ్చారు. నిద్ర గంటలు ఇద్దరికీ దాదాపు సమానమే. కానీ ఒంట్లో నొప్పిని అదుపు చేసే సహజశక్తి దెబ్బతిన్నది ముక్కలు ముక్కలుగా నిద్రపోయినవాళ్లకే. వాళ్లకు ఏ కారణం లేకుండానే ఒళ్లు నొప్పులు కూడా వచ్చాయి. అంటే తొమ్మిది గంటలు మంచం మీద దొర్లి తునకలుగా నిద్రపోవడం కంటే ఐదారు గంటలు గట్టిగా నిద్రపోవడం మీ ఒంటికి మేలు. థెరపీలో అందరికీ కష్టంగా అనిపించే భాగం కూడా దీని మీదే ఆధారపడి ఉంది.

ఆ భాగం ఏంటంటే, మంచం మీద గడిపే సమయాన్ని తగ్గించడం. మొదటి రెండు వారాలు డైరీ మాత్రమే రాయమంటాను. ఎన్నింటికి పడుకున్నారు, సుమారుగా ఎన్నింటికి నిద్ర పట్టింది, ఎన్నిసార్లు లేచారు, పొద్దున ఎన్నింటికి లేచారు, పొద్దున నొప్పి పదికి ఎంత. రాత్రి గడియారం చూసి రాయకూడదు, పొద్దున లేచాక అంచనాగా రాస్తే చాలు. నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో చాలామంది గోడ క్యాలెండర్‌లో పాల లెక్క రాసే గడిలోనే ఇది కూడా రాసి, వారానికోసారి ఫోటో తీసి పంపుతారు. ఏ యాప్ కంటే అది బాగా నడిచింది.

పోయిన ఏడాది దాదాపు మీ కథే ఉన్న ఒకావిడ వచ్చారు (గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను). గుంటూరు దగ్గర పల్లె, 61 ఏళ్లు, రెండు మోకాళ్లూ అరిగాయి. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మంచం మీదే. డైరీ చూస్తే నిద్ర సగటున నాలుగున్నర గంటలు. తొమ్మిది గంటల్లో నాలుగున్నర అంటే సగమే. రాత్రి పన్నెండు నుంచి ఆరు దాకా మాత్రమే మంచం అని చెప్పాను. 'ఉన్న నిద్ర కూడా తీసేస్తారా అమ్మా' అని ఫోన్‌లో ఏడ్చారు. మొదటి పది రోజులు నిజంగా కష్టపడ్డారు, పగలు తూగు వచ్చేది. మూడో వారానికి ఆరు గంటల్లో ఐదు గంటలు నిద్రపోయారు. ఐదో వారానికి ఐదు గంటల ఇరవై నిమిషాలు. మంచం మీద గడిపిన సమయంలో నిద్ర 85 శాతం దాటిన వారం నుంచి పావుగంట చొప్పున పెంచుకుంటూ పోయాం. ఎనిమిదో వారానికి ఆరుముప్పావు గంటలు పడుకుని ఆరు గంటలు నిద్రపోతున్నారు. మోకాలి నొప్పి పదికి ఏడు ఉండేది ఆరయింది, అంతే. కానీ 'నొప్పి ఉంది గానీ దానికి భయపడట్లేదు' అన్నారు.

నొప్పి ఉన్నవాళ్లందరికీ ఇదే లెక్క కుదరదు. నేను అనుభవంతో నేర్చుకున్న విషయం ఇది. మొదట్లో పుస్తకంలో ఉన్నట్టు అందరికీ ఒకటే పద్ధతి పెట్టేదాన్ని. ఒళ్లంతా నొప్పులుండే ఫైబ్రోమయాల్జియాతో వచ్చిన ఒక టీచరమ్మకు ఒక్కసారిగా మంచం సమయాన్ని ఐదు గంటలకు కుదించాను. నాలుగో రోజుకి నొప్పులు భగ్గుమన్నాయి, రెండో వారానికి ఆవిడ ఫోన్ ఎత్తడం మానేశారు. తప్పు నాదే. ఇప్పుడు అలా ఒళ్లంతా నొప్పులు ఎక్కువగా ఉన్నవాళ్లకు వారానికి అరగంట చొప్పున మెల్లగా తగ్గిస్తాను, ఐదున్నర గంటల కంటే కిందికి పోను. నాలుగు వారాలు ఎక్కువ పట్టినా మనిషి మధ్యలో మానకుండా ఉండటం ముఖ్యం. మీతో థెరపీ చేసే వ్యక్తి ఈ వెసులుబాటు ఇవ్వకపోతే మీరే అడగండి.

రెండో మార్పు, లేచి వెళ్లడం గురించి. నిద్ర పట్టకపోతే సుమారు ఇరవై నిమిషాల తర్వాత మంచం దిగి వేరే చోట కూర్చోవాలని నియమం. మంచం అంటే నిద్ర అన్న ముడి మళ్లీ పడాలని ఇలా పెట్టారు. కానీ మోకాళ్ల నొప్పితో ఐదుసార్లు దిగి ఎక్కమంటే ఎవరు చేస్తారు? అందుకని మంచం పక్కనే చేతులున్న కుర్చీ, దాని మీద మెత్త, దుప్పటి, ఫ్లాస్కులో వేణ్నీళ్లు ముందే పెట్టుకోమంటాను. నేల మీద పడుకునేవాళ్లయితే ఈ ఆరు వారాలైనా మంచం మీదికి మారాలి. గదిలో చిన్న దీపం తప్పనిసరి, నిద్రమత్తులో పడిపోతే మొత్తం ప్రయత్నం వృథా. కుర్చీలో ఫోన్ వద్దు. జపమో, పూలు కట్టడమో, తెలిసిన పాట మెల్లగా వినడమో చాలు. కళ్లు బరువెక్కాక తిరిగి మంచం ఎక్కాలి.

పగలు నడుం వాల్చడం నేను పూర్తిగా మానిపించను. నడుం నొప్పి ఉన్న మనిషికి అది అవసరం. కానీ మంచం మీద కాదు, పడక కుర్చీలో. మధ్యాహ్నం మూడులోపే, అరగంట అలారం పెట్టుకుని. మంచం రాత్రికే.

పండగలప్పుడు జరిగేది కూడా చెప్పాలి. కాస్త ఒళ్లు తేలిగ్గా ఉన్న రోజున సంక్రాంతికి రెండు రోజులు కూర్చుని అరిసెలు, జంతికలు చేసేస్తారు, తర్వాత వారం మంచం దిగరు, పగలంతా పడుకుంటారు, నిద్ర లెక్క మొత్తం తారుమారవుతుంది. నొప్పి ఉన్న రోజూ లేని రోజూ పని కొంచెం ఇంచుమించు సమానంగా పంచుకోవడం ఈ చికిత్సలో భాగమే. అరిసెలు రోజుకో శేరు చొప్పున నాలుగు రోజులు చేసుకోవచ్చు, పాకం పక్కవాళ్లు పట్టుకోవచ్చు. కార్తీకమాసంలో తెల్లవారుజాము స్నానాలకు నాలుగింటికి లేచేవాళ్లు ముందే చెబితే పడుకునే సమయం కూడా పెందలాడే పెడతాం. లేచే సమయం రోజుకొకటి కాకుండా ఉండాలి, అంతే.

ఇక మనసులో తిరిగే మాట ఒకటుంది: 'ఈ రాత్రి నిద్ర పట్టకపోతే రేపు నొప్పితో చచ్చిపోతాను.' దీనితో వాదించి లాభం లేదు. నాలుగు వారాల డైరీ ముందు పెట్టుకుని నిద్ర గంటలు, పొద్దుటి నొప్పి అంకె పక్కపక్కన చూస్తాం. మూడు గంటలే నిద్రపోయిన రోజు నొప్పి ఆరు, ఐదు గంటలు పోయిన రోజు ఏడు, ఇలాంటివి ప్రతివాళ్ల డైరీలో కనిపిస్తాయి. నెలల మీద చూస్తే నిద్ర, నొప్పి ఒకదాన్నొకటి లాగుతాయి, నిజమే. ఒక్క రాత్రి మాత్రం రేపటిని తేల్చేయదు. సొంత చేతిరాతలో అది చూసుకున్నాక ఆ భయం సడలడం నేను చాలాసార్లు గమనించాను.

మాత్ర గురించి: మీ అంతట మీరు మానెయ్యకండి. మీరు పేరు రాయలేదు. అల్ప్రజోలం, క్లోనజెపం లాంటివి ఏడాదిన్నరగా వేసుకుంటూ ఒక్కసారిగా ఆపితే నిద్ర ఇంకా చెడుతుంది, గుండెదడ, వణుకు వస్తాయి, కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. జోల్పిడెం ఆపినా కొన్ని రాత్రులు నిద్ర మరింత పాడవుతుంది. థెరపీ మొదలుపెట్టి నిద్ర కొంచెం కుదిరాక, రాసిన డాక్టరుతో మాట్లాడి వారాల తరబడి మెల్లగా తగ్గించుకోవాలి. మేము సైకాలజిస్టులం మందులు రాయం, మార్చం. ఇంకోటి, నొప్పికి ట్రమడాల్ వేసుకుంటూ ఈ నిద్ర మాత్రలు కూడా వేసుకుంటుంటే ఆ సంగతి డాక్టరుకి ఈ వారమే చెప్పండి, రెండూ కలిస్తే శ్వాస మందగించే ప్రమాదం ఉంది. నొప్పి మందులు ఏ వేళకు వేసుకోవాలో కూడా అడగండి. డులాక్సిటిన్ కొందరికి నిద్ర చెడగొడుతుంది, స్టెరాయిడ్ మాత్రలు సాయంత్రం వేసుకుంటే చాలామందికి నిద్ర పట్టదు. వేళ మార్చడంతోనే సగం సమస్య తీరినవాళ్లు ఉన్నారు.

థెరపీకి ముందు ఈ కిందివాటిలో ఏదైనా ఉంటే మొదట డాక్టర్ని కలవాలి:

గట్టిగా గురక, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం (మీవారిని అడగండి, మీకు తెలియదు). రాత్రి పడుకోగానే కాళ్లలో ఏదో లాగుతున్నట్టు, పాకుతున్నట్టు ఉండి కదిపితేనే నెమ్మదించడం. ఇది చాలాసార్లు ఐరన్ తక్కువైతే వస్తుంది, రక్తపరీక్షలో తెలుస్తుంది. పొద్దున కీళ్లు గంటకు పైగా బిగుసుకుపోవడం, ఇది అరుగుదల కాక కీళ్లవాతం కావచ్చు. నడుం నొప్పితో పాటు జ్వరం, బరువు తగ్గడం, మూత్రం మీద అదుపు పోవడం, కాళ్లలో బలం తగ్గడం. వీటిలో అదుపు పోవడం, బలం తగ్గడం ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఫిట్స్ ఉన్నవాళ్లకు, బైపోలార్ సమస్య ఉన్నవాళ్లకు మంచం సమయం తగ్గించే పద్ధతి పెట్టకూడదు, లేదా సైకియాట్రిస్టు పర్యవేక్షణలోనే పెట్టాలి. నడుం నొప్పితో వచ్చిన ఒక బస్సు డ్రైవరుకి ఆ భాగం పూర్తిగా పక్కన పెట్టి మిగతావే చేశాను. యాభై మంది ప్రాణాలు చేతిలో ఉన్న మనిషిని నాలుగు రోజులైనా నిద్రమత్తులో ఉంచలేం. మీరూ మంచం సమయం తగ్గించిన మొదటి రెండు వారాలు స్కూటీ నడపకండి, నిచ్చెన ఎక్కకండి.

ఆన్‌లైన్ అంటే అన్నీ ఒకటి కావు. మనిషితో ఫోన్‌లోనో వీడియోలోనో మాట్లాడి చేసేది ఒకటి. మనిషి లేకుండా సీబీటీ-ఐ పాఠాలు చెప్పే యాప్‌లు రెండోది. వాన చప్పుళ్లు, నిద్ర కథలు వినిపించేవి మూడోది, వాటిని థెరపీ అనలేం. రెండో రకానికీ ఆధారాలున్నాయి. ఇంగ్లండులో చికిత్సలను పరిశీలించి సిఫారసు చేసే నైస్ సంస్థ 2022లో స్లీపియో అనే ప్రోగ్రామును సిఫారసు చేసింది. కానీ అది ఇంగ్లీషులో నడుస్తుంది, మీ మోకాలు ఎలా ఉందో అడగదు. ఇంగ్లీషు చదివే పాతికేళ్ల కుర్రాళ్లకు నేనే యాప్ చెబుతాను. ఆరేళ్ల నొప్పి, ఏడాదిన్నర మాత్ర ఉన్న మీకు మాత్రం మనిషే కావాలి, తెలుగులో మాట్లాడే మనిషి.

ఆ మనిషిని ఎంచుకునేటప్పుడు మీ అబ్బాయి చేత మూడు అడిగించండి. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ నంబరుందా (సైకియాట్రిస్టయితే మెడికల్ కౌన్సిల్ నంబరు). నిద్రలేమికి సీబీటీ-ఐ చేస్తారా, వారం వారం డైరీ చూస్తారా. నొప్పి ఉన్నవాళ్లతో చేసిన అనుభవముందా. డైరీ ఊసే ఎత్తకుండా ఇరవై సెషన్ల ప్యాకేజీ డబ్బు ముందే కట్టమనేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. ఆరు నుంచి ఎనిమిది సెషన్లు చాలు. నాలుగు సెషన్లు అయ్యాక కూడా ఏ మార్పూ లేకపోతే ఎందుకు లేదో వాళ్లే చెప్పాలి.

డబ్బు కష్టమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. పూర్తి ఎనిమిది వారాల చికిత్స అక్కడ దొరక్కపోయినా ఎక్కడికి వెళ్లాలో చెబుతారు. నొప్పితో, నిద్ర లేక 'ఇక బతకడం ఎందుకు' అనిపించే రాత్రులు ఉంటే అదే నంబరుకి ఏ వేళైనా చేయండి. మీరు అలా ఏమీ రాయలేదు, కానీ ఈ రెండు బాధలూ కలిసి ఉన్నవాళ్లలో అలాంటి ఆలోచన అరుదు కాదు గనక చెబుతున్నాను.

చివరిగా ఇంట్లో మాట్లాడటం గురించి. వీడియో అక్కర్లేదు, మామూలు ఫోన్ చాలు. పైన చెప్పిన పరిశోధనలో కూడా అంతా ఫోన్‌లోనే. నాతో మాట్లాడే ఆడవాళ్లలో ఒకావిడ సాయంత్రం నాలుగింటికి ఆరిన బట్టలు తీసే వంకతో డాబా ఎక్కేవారు. మెట్లెక్కలేని ఇంకొకావిడ గుడి అరుగు మీద కూర్చుని మాట్లాడేవారు, మధ్యలో గంట వినబడితే ఇద్దరం ఆగేవాళ్లం. అందరూ పనికీ బడికీ వెళ్లాక పదకొండు గంటలకు అడిగేవాళ్లే ఎక్కువ, ఆ వేళ కావాలని మొదటే చెప్పండి. ఒక్క సెషన్‌కి మాత్రం మీవారిని పక్కన కూర్చోబెట్టుకోమంటాను. అర్ధరాత్రి పన్నెండు దాకా మీరు కుర్చీలో ఎందుకు కూర్చున్నారో ఆయనకు తెలియకపోతే 'వచ్చి పడుకో' అని పిలుస్తూనే ఉంటారు, ఆ పిలుపుతోనే సగం మంది మూడో రోజుకి మానేస్తారు. విషయం తెలిశాక ఆయనే క్యాలెండర్‌లో గడి నింపిన ఇళ్లు కూడా నాకు తెలుసు.